పెళ్లికూతురు ఏడవని పెళ్లి

“మావయ్యా, వేళ్లు వంగుతున్నాయా?”

“రెండు వంగుతున్నాయి. మిగతావి పొద్దున బండిలోనే సెలవు తీసుకున్నాయి,” అన్నాడు గెట్సెల్, ఫిడేలు ఒళ్లో పెట్టుకుని.

మామా అల్లుళ్లు మాట్లాడుకుంటున్నది మేళంవాళ్ల భాష. యూదుల ఇంటిభాష యిడ్డిష్‌లోంచే పుట్టినా, పెళ్లిళ్లలో వాయించి బతికినవాళ్లకు తప్ప ఇంకే యూదుడికీ అర్థం కాదు. పెళ్లివారి ఎదుటే పెళ్లివారిని తిట్టుకోవడానికి అంతకన్నా సుఖం లేదు.

ఎదుట ఉన్నవాడు కలప వర్తకుడు లెయిబిష్, పెళ్లికూతురి తండ్రి. చేతులు చంకల్లో పెట్టుకుని గుర్రుగా చూస్తున్నాడు.

“పెళ్లికూతుర్ని ఏడిపించే ఆనవాయితీ పాట నేను క్లారినెట్ మీద ఎత్తుకోనా?” అన్నాడు అల్లుడు ఫైవెల్.

“అది ఫిడేలు పాటరా. మాటల్లేకపోయినా ప్రతి ఆడదానికీ యిడ్డిష్‌లో వినపడాలి. నలభై ఏళ్లుగా నేను ఏడిపించని పెళ్లికూతురు లేదు. ఇవాళ తప్పానా, ఇక మనల్ని పిలిచే గుమ్మం ఉండదు. పైగా ఈ చలిలో ఇంతదూరం వస్తే, పీనాసి వెధవ వేడినీళ్లైనా ఇవ్వలేదు.”

లెయిబిష్ వంటావిడ మీద కేకలేశాడు. “ముందు ఈ మేళంగాళ్ల మొహాన సూపు కొట్టు! లేకపోతే విందు మధ్యలో నా పరువు తీస్తారు. ఏయ్, దారికడ్డం లేచి పొయ్యి దగ్గర తగలడండి!”

సూపు వేడిగానే ఉంది గానీ గెట్సెల్ గిన్నె పక్కన పెట్టి, వేళ్లు పొయ్యి సెగకి చాపాడు.

పెళ్లికూతురు వచ్చి కూర్చుంది. ఆడవాళ్లు రుమాళ్లు తీశారు. గెట్సెల్ వంగని వేళ్లతోనే ఫిడేలు ఎత్తాడు.

“ఆపండి!” అరిచాడు లెయిబిష్. “వాళ్లమ్మ పోయిననాడే నా పిల్ల ఏడవాల్సింది ఏడ్చేసింది. అందరూ కలిసి గంతులేసే పాట వాయించండి!”

గెట్సెల్‌కి తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో ఆ పాట వద్దన్న ఇల్లు లేదు. అల్లుడి క్లారినెట్ చాటున ఫిడేలు ఊరికే గీకాడు. ఆ పెళ్లిలో ఏడ్చింది ఆయనొక్కడే.

పొద్దు వాలకముందే, “ఇక చాలు, బయల్దేరండి,” అన్నాడు లెయిబిష్.

“చూశావా, గెంటేస్తున్నాడు,” బండెక్కుతూ మేళంవాళ్ల భాషలో అన్నాడు గెట్సెల్. “ఉత్త మొద్దు. వాయించేవాడి బాధ వీడికేం తెలుసు?”

లెయిబిష్ గొర్రెతోలు తెచ్చి ముసలాయన చేతుల మీద కప్పాడు.

“నా వేళ్లు ముప్పయ్యో ఏటే పోయాయి, అన్నా,” అన్నాడు, మేళంవాళ్ల భాషలోనే.