ఒక్క ముక్కా రాదు

“నీళ్ల ఫార్ములా రాయి,” అంది పంతులమ్మ.

కాగితం మీద కలం గీరింది. ఆగింది. మళ్లీ గీరింది.

“రాశా,” అన్నాడు బావ.

“రెండు ఎక్కడ వేశావ్?”

“హెచ్ నెత్తిన.”

“నెత్తిన కాదు, కాళ్ల దగ్గర. ఎన్నిసార్లు చెప్పాలి బావా? పేనా అది, నెత్తికెక్కడానికి?”

ఆమె నిజం పంతులమ్మ కాదు. ఇంట్లో దొరికిన ప్రతివాడి తప్పూ దిద్దుతుందని మేనత్త పెట్టిన పేరది. ఆ మేనత్త కొడుకే ఈ బావ. పదో తరగతి మీద మూడు దండయాత్రలు చేసి, ఎలాగో గట్టెక్కి, పుస్తకాలకు దణ్ణం పెట్టేశాడు. చిన్నాన్న హార్డ్‌వేర్ కొట్టులో సరుకు వ్యాను తోలుతాడు. మనిషి కంటే ముందు డీజిల్ వాసన వస్తుంది గదిలోకి. బుర్ర మాత్రం వెనకాల కూడా రాదు. చేతిరాత కోడి కెలికినట్టుంటుందని కన్నతల్లే చెప్పింది.

రేపు పది గంటలకు కెమిస్ట్రీ పరీక్ష. ఈ ఒక్క పేపరు గట్టెక్కితే కాలేజీ. లేదంటే చిన్నాన్న కొట్టే గతి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఫోనెత్తి, “మేకులున్నాయండీ, బోల్టులు రేపొస్తాయండీ” అనుకుంటూ తెల్లారిపోవడమే బతుకు.

పోయినేడాది ఒక మేధావి తగిలాడు. చెప్పింది చెప్పినట్టు రాయరా బాబూ అంటే సొంత బుర్ర వాడాడు. నాలుగు మార్కుల్లో పరీక్ష తన్నేసింది. ఏడాది గంగపాలైంది. అప్పటి నుంచీ తెలివైనవాళ్లంటే ఆమెకు రోత. తెలివితక్కువవాళ్లంటే మొదట్నుంచీ రోతే. ఈసారి రెండు రోతల్లో చిన్నదాన్ని ఏరుకుంది.

“సోడియం గుర్తు?”

“ఎస్ ఓ.”

“నీ మొహం. ఎన్ ఏ. ఇనుము?”

“ఐ.”

“రోజూ వ్యాను నిండా ఇనుమే మోస్తావు. దాని పేరు రాయడం రాదు. ఎఫ్ ఈ. ఎఫ్ పెద్దది, ఈ చిన్నది. తెలిసిందా?”

కుర్చీ కిర్రుమంది.

“తలాడిస్తే కుదరదు. నోటితో చెప్పు.”

“తెలిసింది.”

“ఏం తెలిసింది?”

“ఎఫ్ చిన్నది, ఈ పెద్దది.”

ఆమె నెత్తి కొట్టుకుంది. దున్నపోతు మీద వాన కురిస్తే కనీసం దున్నపోతు తడుస్తుంది. ఇక్కడ అదీ లేదు. అతని చెయ్యి లాక్కుని, అరచేతిలో వేలితో గట్టిగా రాసింది. పెద్ద ఎఫ్, పక్కన చిన్న ఈ. బావకు చక్కిలిగింత పుట్టి కిసుక్కుమన్నాడు.

“నవ్వుతావేం? ఒక్క అంకె జారితే కొంప మునుగుతుంది. నీళ్లలో ఆ రెండు ‘ఓ’ కాళ్ల దగ్గర కూడా పడిందనుకో, అది తాగే నీళ్లు కాదు, పుండ్లు కడిగే మందు.”

“ఒక్క రెండుకే అంత గొడవా?”

“చదువుకున్నవాళ్లకి గొడవే. ఊఁ, తర్వాత రాయి. ఆమ్లంలో నీలం లిట్మస్ ఎర్రబడుతుంది.”

కలం గీరింది. బావకు ఉన్నట్టుండి ఆసక్తి పుట్టుకొచ్చింది.

“ఎర్రగా అంటే, మరీ రక్తంలాగానా? గులాబీ రంగులోనా?”

“ఏ ఎరుపైతే నీకెందుకు? ఎర్రబడుతుందని రాస్తే మార్కులిస్తారు. రంగులతో మనకేం పని?”

“అసలీ వేలెన్సీ అంటే ఏంటి?”

“నీకు అర్థం కానక్కర్లేదు. అక్షరం పొల్లు పోకుండా రాయి, చాలు. ఇప్పుడు హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్లయ్యే సమీకరణం. రాసింది పైకి చదువు.”

కలం చాలాసేపు గీరింది. బావ గొంతు సవరించుకున్నాడు.

“రెండు హెచ్ టూ, ప్లస్ ఓ టూ, బాణం, రెండు హెచ్ టూ ఓ. ముందున్న రెళ్లు పెద్దవి. మిగతావి చిన్నవి, కాళ్ల దగ్గర.”

ఆమె మనసులోనే ఒక్కో అంకె సరిచూసుకుంది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అది ఇంకా చిరాకుగా ఉంది.

“ఎలా వచ్చింది నీకు?”

“ఏమో. గుడ్డెద్దు...” అని బావ టక్కున ఆగిపోయాడు.

“చేలో పడ్డట్టు. సామెతలు కూడా సగమే వచ్చా?”

బావ కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “రేపు నా వల్ల పోతే?”

“పోతే నీ వ్యాను కిందే నిన్ను పడుకోబెడతా. సోడియం?”

“ఎన్ ఏ.”

నిజానికి ఆమెకు భయంగా ఉంది. సబ్జెక్టంటే కాదు, అది ఆమెకు కొట్టిన పిండి. బావ చేతులంటేనే భయం. సిమెంటు బస్తాలెత్తే ఆ చేతులు చిన్న రెండుని కాళ్ల దగ్గర నిలబెట్టగలవా అని.

మర్నాడు సరుకు వ్యాన్లోనే వెళ్లారు. స్కూలు మెట్ల దగ్గర ఆమె బావ మోచెయ్యి పట్టుకుంది, పారిపోతాడేమో అన్నంత గట్టిగా. పద్నాలుగు మెట్లు. మెట్టుకో మూలకం చొప్పున అప్పజెప్పించుకుంది. పొటాషియం దగ్గర బావ తడబడ్డాడు. అక్కడే ఆపి మూడుసార్లు “కె” అనిపించింది. వెనకాల పిల్లలెవరో నవ్వారు.

గది గుమ్మంలో ఇన్విజిలేటర్ అడ్డుపడింది. కాగితాలు తీసుకుని తిరగేసింది. పోలీసు గొంతు ఆవిడది.

“నీకు కెమిస్ట్రీ వచ్చా?” అని సూటిగా బావనే అడిగింది.

పక్కనున్న పంతులమ్మ పళ్లు బిగించింది. అబద్ధమాడే తెలివి కూడా లేని మనిషి.

“ఒక్క ముక్కా రాదండి.”

“మంచిది, చూపులేని విద్యార్థుల తరఫున రాసేవాళ్లకి సబ్జెక్టు రాకూడదనేదే రూలు,” అంటూ ఆవిడ హాల్ టికెట్ పంతులమ్మ చేతిలోను, జవాబు పత్రం బావ చేతిలోను పెట్టింది.