చెన్నరాయప్ప టీ

"శానా బాగుందక్కా," అంటూ శివరాజ్ కాగితాలు మడిచాడు. హోసూరు టీ అంగట్లో ప్రతి ఆదివారం ఉదయశ్రీ నవలను స్నేహితులు పైకి చదువుతారు. అంతసేపూ రాసినామె నోరు మెదపకూడదు.

ఈరోజు ఆమె ఆగలేకపోయింది.

"ఏం బాగుంది? మూడో అధ్యాయంలో క్వారీలో చచ్చిపోయిన చెన్నరాయప్ప ఇవాళ చదివిన పేజీలో కూర్చుని టీ తాగుతున్నాడు. మీరు వింటున్నారో లేదో చూద్దామని కావాలనే రాశాను. ఎప్పుడూ బాగుంది, బాగుంది! ఇట్లా అయితే నేనెప్పుడు నేర్చుకునేది?"

శివరాజ్ పక్కన కూర్చున్న చైత్ర తల దించుకుంది.

"కనిపెట్టినాము అక్కా. ఆయప్పని చంపినప్పుడే మాకు మనసొప్పలేదు. నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు. ఈడ గ్లాసు ఊదుకుంటా కూర్చోనుంటే, నువ్వే తిరిగి తెచ్చుకున్నావని సంతోషపడినాము."

ఉదయశ్రీ కాగితాలు లాక్కుని చూసింది. వీళ్ళు వినడం లేదని పట్టుకోవాలన్న కోపంలో గబగబా రాసిన పేజీ. నవల మొత్తంలో మనిషి ప్రాణమున్నట్టు కదులుతున్నది ఈ ఒక్క పేజీలోనే.

"అప్పుడే చెప్పాల్సింది," అంది.

"ఇప్పుడు చెప్తా ఉండాము. ఆయప్పని క్వారీకి పంపొద్దు."

ఆమె సంచిలోంచి మూడో అధ్యాయం తీసి, పెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

"సరే, మొదట్నించీ రాస్తాను. ఈసారి ఊరికే బాగుందన్నారో, క్వారీలోకి మీ ఇద్దరినీ దించుతాను."