పాత ఫుట్‌బ్రిడ్జి

“ఈసారి నిధులు ఇందా బజారు వైపు కొత్త బ్రిడ్జి వెడల్పుకే,” అన్నాడు రైల్వే వంతెనల మరమ్మతులు చూసే అధికారి ఉమాపతి, సంతకానికి పెన్ను తీస్తూ.

జూనియర్ ఇంజనీరు హరిచందన ఎదుటినుంచి కదల్లేదు. “క్వార్టర్ల వైపు పాత ఫుట్‌బ్రిడ్జికి మెట్లు ఊడిపోనాయి సార్. ముందు దానికివ్వాలి.”

“దానిమీద మనుషులేరమ్మా? నువ్వే కదా లెక్కెట్టినావు. పగలంతా కాసినా ఒక్కరూ ఎక్కలేదు. కొత్తదానిమీద కాలు పెట్టడానికి సోటు లేదు.”

“పాతది ఎక్కడానికి భయపడే అటు పోతన్నారు సార్.”

“మంచిదే కదా. ఎవరూ ఎక్కని బ్రిడ్జి మీంచి ఎవరు పడతారు? అంతకన్నా భద్రమైన బ్రిడ్జి ఏటుంటాది?”

ఇంతలో ఉమాపతి భార్య సరోజాదేవి క్వార్టర్ల నుంచి భోజనం క్యారేజీతో లోపలికి వచ్చింది. ఆమె చీర భుజం మీద నల్లటి గ్రీజు మరక.

“తొందరగా వచ్చినావే. కొత్త బ్రిడ్జి ఖాళీగా ఉందా?”

“అంత చుట్టు ఎవరు తిరుగుతారండీ? రోజూ పట్టాలు దాటే వస్తాను. ఇయాల గూడ్సు అడ్డంగా ఆగుంటే, కిందనుంచి దూరి వచ్చినాను.”

ఉమాపతి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ గ్రీజు మరకనే చూస్తూ ఉండిపోయాడు.

“అది కదిలుంటే?”

“కదల్లేదు కదండీ.”

ఉమాపతి ఆమె చేతిలోంచి క్యారేజీ అందుకున్నాడు. “ఇప్పుడు ఇంటికి ఆటోలో పో. రేపట్నించి క్యారేజీ తేవద్దు. క్యాంటీన్లో తినేస్తాను.”

ఆమె వెళ్ళాక, తల ఎత్తకుండా కొత్త బ్రిడ్జి కాగితం మీదే సంతకం చేసేశాడు.

హరిచందన కాగితం అందుకుంది.

“దాటే మనిషి ఇంకొకరు తగ్గినారు. పాత బ్రిడ్జి ఇంకాస్త భద్రమైపోనాది సార్,” అంది.