నాలుగు మడతల కాగితం

సరిహద్దు చెకింగ్ హాల్లో వరస అరగంటగా కదలడం లేదు.

కుట్టుమిషను అక్క రవికెలో దాచుకున్న కాగితం ఉందో లేదో పదోసారి తడిమి చూసుకుంది.

నాలుగు మడతల చిన్న కాగితం. సరిహద్దు దాటాక ఆమె చేరబోయే బట్టల ఫ్యాక్టరీ అడ్రసు అందులో ఉంది. అంతా ఆ దేశం లిపే, ఆమెకి ఒక్క అక్షరం తెలీదు.

చెల్లి నాలుగు నెలల కిందటే ఆ ఫ్యాక్టరీలో చేరింది. రెండు నెలలుగా ఫోను లేదు. "అక్కడ ఫోన్లు ఒప్పుకోరు" అన్నాడు ఏజెంటు. చెల్లిని కళ్ళారా చూసుకుంటే తప్ప అక్కకి ముద్ద దిగేలా లేదు. అందుకే తనూ అదే పనికి బయల్దేరింది.

ఏజెంటు గేటు బయటే ఆగిపోయి, చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

"అవతల బస్సు డ్రైవరుకి తప్ప ఎవరికీ చూపించకు. ఇంకెవడైనా అడిగితే నమిలి మింగెయ్. మామూలు బట్టల్లో తిరిగే ఆఫీసర్ల చేతిలో పడిందా, నిన్ను వెనక్కి పంపుతారు, నీ చెల్లిని జైల్లో వేస్తారు."

"వాళ్ళని గుర్తుపట్టేదెలా?"

"భయపడకమ్మా అంటూ మొదలుపెడతారు."

ఆ మాటే మననం చేసుకుంటూ ఆమె లోపలికొచ్చి వరసలో నిలబడింది.

వరస పక్కనే ఒక పెద్దాయన తిరుగుతున్నాడు. యూనిఫాం లేదు. నలిగిన చొక్కా, తెగితే కుట్టించుకున్న చెప్పులు. ఆడవాళ్ళ ముఖాల్లోకే చూస్తున్నాడు. ఆ చూపు తన మీద ఆగేసరికి ఆమె తల దించుకుంది.

దగ్గరికొచ్చాడు.

"బట్టల ఫ్యాక్టరీకేనా అమ్మా?"

కాదన్నట్టు తల ఊపింది. ఆయన ఆమె వేళ్ళ మీద సూదిపోట్లు చూశాడు.

"భయపడకమ్మా. నీ దగ్గర అడ్రసు కాగితం ఉండాలి. ఒక్కసారి చూసి ఇచ్చేస్తాను. నేను ఆఫీసు నుంచి..."

ఆపైన ఆమె వినలేదు. కాగితం తీసి నోట్లో కుక్కుకుంది.

"అయ్యో, వద్దమ్మా."

పళ్ళు బిగించి నమిలింది. సిరా చేదు. కాగితం గొంతుకి అడ్డం పడింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి, అయినా మింగేసింది. చెల్లి గట్టెక్కిందిలే అనుకుంది.

ఆయన కేకలెయ్యలేదు. ఎవర్నీ పిలవలేదు. పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు.

"ఏజెంటు ఎక్కడ?"

ఆమె గేటు వైపు చూసింది. వాడు ఎప్పుడో జారుకున్నాడు.

"కాస్త మంచినీళ్ళు తాగు" అని సీసా అందించి, ఆయన సంచిలోంచి ఒక కొత్త చొక్కా తీశాడు.

"ఇది అవతలి దేశంలో ఎవరో కొనుక్కున్నారు. మెడ దగ్గర గుచ్చుకుంటోందని కాలరు విప్పారట. చూడమ్మా."

కాలరు లోపలి గుడ్డ మీద ఎర్రదారంతో సన్నటి అక్షరాలు. మన భాషే.

'లోపల పెట్టి తాళం వేశారు. పదకొండు మందిమి. ఇది ఏ ఊరో తెలీదు.'

ఆ గొలుసుకుట్టు ఎవరిదో ఆమెకి వెంటనే తెలిసిపోయింది. వేలు పట్టుకుని నేర్పింది తనే.

ఆమెని వెనక్కి పంపడానికి వచ్చినవాడు కాదాయన. రెండు దేశాలూ కలిసి ఆమె చెల్లినీ మిగతా పదిమందినీ విడిపించి తెమ్మని పంపితే, ఆ ఒక్క అడ్రసు కోసం ఇరవై రోజులుగా ఈ హాల్లో కనపడిన ఆడమనిషినల్లా బతిమాలుతున్నవాడు.