నీనా రాలేదు

“ఇంక రెండు రోజులే ఉమక్కా, మహా అంటే మూడు. మాట్లాడేదేమన్న ఉంటే ఇయ్యాల్నే మాట్లాడుండ్రి,” అంది పద్మ, సంచీ సర్దుకుంటూ.

పద్మ నర్సు. చివరి రోజుల్లో ఉన్నవాళ్ళను ఇళ్ళకే వచ్చి చూసుకోవడం ఆమె ఉద్యోగం. అలాంటి మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించదు, పెంచదు.

మంచం మీద గ్రిగోరీ కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎనభై ఒక్కేళ్ళు. అమెరికాలోని పార్సిప్పనీలో ఉమ ఉండే అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా కింది వాటా ఆయనది. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు.

“జవాబు వచ్చిందా?”

“ఇంకా లేదు, గ్రిగోరీ గారూ.”

“నీ చారూ నీ జవాబూ రోజూ ఒకేలా ఉంటాయి, ఉమా.”

ఉమ నవ్వబోయింది. చేతకాలేదు.

ఆయన 1975లో ఒక సోవియట్ బాలే నృత్య బృందంతో అమెరికా వచ్చాడు. పదకొండు వారాలు, పద్నాలుగు ఊళ్ళు. ఆ బృందాలు ఎక్కడికి వెళ్ళినా గుంపుగానే. హోటల్లో అందరికీ ఒకే అంతస్తు. బజారుకు వెళ్ళినా అయిదుగురు కలిసే. ఎవరైనా జారుకుంటే, ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మానాన్నల పని అయిపోయినట్టే.

“ఎప్పుడూ లిఫ్ట్ పక్క గదే నాది. నీనాది వరండా చివర,” అని చెప్పేవాడు. నీనాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఆమె ఆడుతుంటే రోజూ తెర పక్కన నిలబడి చూసేవాడట. తన వంతు వచ్చేదాకా కాబోలు అనుకుంది ఉమ.

అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు ఆయన డ్యాన్సర్ అంకుల్. ఉమ కూతురు నైనిక చిన్నప్పుడు ఒక్క స్టెప్పు చూపించమని వెంటపడితే, మోకాళ్ళు చూపించి నవ్వేశాడు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు న్యూయార్క్‌లో ఒక పెద్ద దుకాణంలో అందరికీ రెండు గంటలు టైమిచ్చారు. అంతకుముందే హోటల్ వరండాలో ఆయన నీనాకు మెల్లగా చెప్పాడు. మూడింటికి వెనక తలుపు దగ్గరికి రా, ఇద్దరం వెళ్ళిపోదాం.

“సరేనంది. నేనేమన్నా ఏనాడూ కాదనలేదు నీనా. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. సిగ్గనుకున్నాను.”

మూడయింది. నాలుగయింది. నీనా రాలేదు. ఆమెను ఎక్కించుకుని బస్సు వెళ్ళిపోయింది. వెనక తలుపు దగ్గర ఆయనొక్కడే మిగిలాడు.

ముప్పై ఏళ్ళు రొట్టెల వ్యాను నడిపాడు. పెళ్ళి చేసుకోలేదు. రాసిన ఉత్తరాలు వేటికీ జవాబు రాలేదు.

ఆయనకు కావలసింది ఒకటే. నీనా ఎందుకు రాలేదు?

ఉమకు ఆ ప్రశ్న తనదే అయిపోయింది. రెండేళ్ళ క్రితం భర్త దివాకర్ పోయినప్పుడు ఆమె ఆస్పత్రి పార్కింగ్‌లో కారుకు చోటు వెతుకుతోంది. ‘ఉమకు ఒకటి చెప్పాలి’ అన్నాడట. ఆ ఒకటీ ఏమిటో అక్కడి నర్సుకు చెప్పలేదు.

నాటకశాలల పాత జాబితాలు, ఫేస్‌బుక్ గుంపులు, ఏవీ వదల్లేదు తల్లీకూతుళ్ళు. చివరికి పెర్మ్ అనే రష్యన్ నగరంలో నీనా మనవరాలు దొరికింది. గ్రిగోరీ అడగమన్న ప్రశ్నను ఇంగ్లీషులో రాసి పంపారు. తొమ్మిది రోజులైంది.

స్కూలు నుంచి వస్తూనే నైనిక ఫోను చూపించింది. “చూసిందమ్మా. సీన్ అని ఉంది. రిప్లై లేదు.”

“మళ్ళీ మెసేజ్ చెయ్యి. టైం లేదని చెప్పు.”

“ఆల్రెడీ ఫోర్ టైమ్స్ చేశాను. షి విల్ బ్లాక్ మి, అమ్మా.”

“బ్లాక్ చేస్తే చేస్తుంది. ఇలా ఇవ్వు.”

ఉమ తనే టైప్ చేసింది. ఆయన చనిపోతున్నారు. ఒక్క మాట చాలు. తిట్టినా సరే. పంపాక చూస్తే రెండు తప్పులున్నాయి. దిద్దలేదు.

“ప్రేమ లేదంటే అదే చెప్పమను,” అన్నాడు గ్రిగోరీ. ఊపిరి కోసం ఆగాడు. “ఎవరో బెదిరించారంటే అదే చెప్పమను. ఏదో ఒకటి తెలియాలి, ఉమా. తెలియకుండా పోలేను.”

ఆ రాత్రంతా ఆయన చెయ్యి ఉమ చేతిలోనే ఉంది. రెండుసార్లు ఊపిరి ఆగినట్టే ఆగి మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆగినప్పుడు ఉమ భుజం పట్టుకుని కుదిపింది. “ఉండండి. కొంచెంసేపు ఉండండి.”

ఫోను మోగింది.

నైనిక చదివింది. ఫోను తల్లికి అందించింది.

ఉమ చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత గ్రిగోరీ ముఖంలోకి చూసింది, ఆయన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

“చదువు,” అన్నాడాయన.

“పడుకోండి. తర్వాత చదువుతాను.”

“యాభై ఏళ్ళు ఆగాను. చదువు.”

ఉమ ఆయన చెవి దగ్గరికి వంగింది. మనవరాలి మాటలు ముందు చదివింది. ‘అమ్మమ్మ ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు. ఇవాళ ఈ ఒక్క వాక్యం చెప్పింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.’

ఆ తర్వాత నీనా వాక్యం.

‘మేం పారిపోకుండా కాపలా కాయడానికి మా వెంట పంపిన ఆఫీసరు మీరే కదా, నన్ను పరీక్షిస్తున్నారనుకున్నాను.’