గోడ మీది ఇల్లు

సాయంత్రంలోగా గోడ తెల్లగా కనిపించాలని చెప్పి, క్యాంప్ బాస్ ఫక్రుద్దీన్ ప్రైమర్ డబ్బా, రోలర్ రూమ్ లోపలికి తోశాడు.

రఘుపతి అడ్డం పడ్డాడు. ఒమాన్‌లోని ఈ సోహార్ లేబర్ క్యాంపులో ఇన్ని రూములుంటే తమ గోడే ఎందుకు కంట్లో పడిందని అడిగాడు. పక్క రూము నిండా సినిమా పోస్టర్లే, ఎదుటి రూములో మేకులకు లుంగీలు వేలాడుతున్నాయి, వాటినెవరూ ఏమీ అనరు. ఫక్రుద్దీన్ రోలర్ వైపు చెయ్యి చూపించాడు. నువ్వు వేయకపోతే ఇంకొకడితో వేయిస్తానని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ గోడ మీద ఒక ఇల్లుంది. రఘుపతి మేనమామ దేవయ్య వేసిన ఇల్లు. ఆయన కూతురు నవీననే రఘుపతి చేసుకున్నాడు; ఆ పెళ్ళినాడు దేవయ్య ఇక్కడే డ్యూటీలో ఉన్నాడు. మామా అల్లుడూ కంపెనీలో పెయింటర్లే. పగలంతా కంపెనీ చెప్పిన రంగే పూస్తారు, అదీ బూడిద రంగో, మీగడ రంగో. డ్యూటీ దిగాక డబ్బాల అడుగున మిగిలిన రంగులు పట్టుకుని తమ గోడ ముందు కూర్చుంటే ఇక తిండి ధ్యాస ఉండదు. పెంకుటిల్లు, అరుగు మీద బీడీలు చుడుతున్న తన భార్య లస్మవ్వ మామ వేసినవి. గడపలో నిలబడ్డ పిల్ల, వాణి, అల్లుడు వేసింది.

వాణి రఘుపతి కూతురు. అతను ఒమాన్ వచ్చాకే పుట్టింది. ఫోన్‌లో చూస్తూ, పిల్ల ఎదిగినప్పుడల్లా గోడ మీది బొమ్మనూ కాస్త పెద్ద చేస్తాడు. మొదట పాకేది, ఇప్పుడు పలక పట్టుకుంది. మధ్యలో సెలవు వచ్చినా అతను ఊరికి పోలేదు. పోవాలని పెద్దగా అనిపించలేదు కూడా.

దేవయ్యకు ఆ రోజే ప్రయాణం. వీసా రద్దు చేయించుకుని ఇంటికి పోతున్నాడు, మళ్ళీ రాడు. మంచం మీద కూర్చుని అట్టపెట్టెకు తాడు కడుతున్నాడే తప్ప గోడ వైపు తల తిప్పడు. రఘుపతికి ఒళ్ళు మండింది.

"నువ్వన్న చెప్పరాదు మామా. నీ మాటంటె ఆయన ఇంటడు."

"రెండు కోటింగులు కొట్టు," అన్నాడు దేవయ్య ముడి బిగిస్తూ. "ఒక్కటైతె కింది రంగు కనబడ్తది."

రఘుపతి రోలర్ ముంచాడు. ఆకాశం పోయింది. పెంకులు పోయాయి. అత్త పోయింది. ఏడుపు రావాలి కదా అనుకున్నాడు, రాలేదు. చేతులు సైట్‌లో తిరిగినట్టే పైకీ కిందికీ తిరుగుతున్నాయి. గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయాయి.

దేవయ్య లేచి వచ్చాడు. అల్లుడి చేతిలోంచి రోలర్ తీసుకుని, మనవరాలి మీద తనే తెలుపు లాగేశాడు. రఘుపతి చూస్తూ నిలబడ్డాడు. లోపల ఏమీ కదల్లేదు.

కాసేపటికి కంపెనీ బండి వచ్చిందని చెప్పడానికి ఫక్రుద్దీన్ మళ్ళీ వచ్చాడు. గోడ చూసి గుమ్మంలోనే ఆగాడు. ఇప్పుడు కళ్ళు చల్లబడ్డాయా అని రఘుపతి హిందీలో అడిగాడు.

ఫక్రుద్దీన్ నొచ్చుకున్నాడు. తనకూ ఆ ఇల్లంటే ఇష్టమేనని, ఫోటో తీసి పిల్లలకు కూడా పంపానని చెప్పాడు. గోడ తుడిపించమని తన దగ్గరికి వచ్చి బతిమాలింది దేవయ్యేనట. పేరు బయట పెట్టొద్దన్నాడట.

రఘుపతి మామ వైపు తిరిగాడు. దేవయ్య పెట్టె భుజానికెత్తుకున్నాడు.

"నువ్వు సెలవు పెట్టుకొని ఇంటికి పో అల్లుడా. నేనైతె మీ పెండ్లి గుడ గీ గోడ మీదనే ఏసుకొని చూసిన."