చప్పట్లు ఆగేదాకా

"ఫోన్ ఇటివ్వు," అంది నోర్మా చెయ్యి చాపి. "మళ్ళీ లియాండ్రోకి మెసేజ్ పెడుతున్నావు కదూ?"

"లేదే. తనే పెడతాడేమోనని చూస్తున్నా," అంది ఐలెన్.

"నిన్ను వదిలేసి నెల దాటింది. ఇంకా ఏం చూస్తావే?"

"నేను బెంగపడే రకమట. మనిషి పక్కన ఉండగానే, పోతాడేమోనని భయపడి చస్తానట. మా సైకాలజిస్టు చెప్పింది."

"జనవరి రాగానే ఆవిడా నిన్నొదిలేసి వేసవి సెలవులకు పోయిందిగా." నోర్మా టీలాంటి మాతే ఆకు వేసిన గిన్నెలో వేడినీళ్ళు పోసి అందించింది. "తాగు. ఆ ఏడుపుమొహం చూడలేకపోతున్నా."

ఐలెన్ తాగలేదు. లేచి సముద్రం అంచునే నడిచింది. నెకోచేయా తీరమంతా పల్చటి పొగమంచు కమ్మి ఉంది. గొడుగులూ మనుషులూ కెరటాలూ అన్నీ కలలోలా కనపడీ కనపడనట్టున్నాయి. ఆ తెల్లదనంలోంచి లియాండ్రో నడిచొస్తాడని ఆమెకు ఎందుకో గట్టిగా అనిపించింది. పిచ్చి ఆశ, ఏం చేస్తాం.

వచ్చింది అతను కాదు. ఆరేళ్ళ పిల్ల, ఒంటరిగా. పేరు మోరెనా అట. పిల్లలు తప్పిపోతే ఆ తీరంలో ఎవరైనా ఏం చేస్తారో ఐలెన్ కూడా అదే చేసింది. పిల్లను భుజాలమీదికి ఎత్తుకుని, చప్పట్లు కొట్టమని చుట్టుపక్కల వాళ్ళకు కేకేసింది. పిల్ల తాలూకు మనిషి ఆ చప్పుడు విని వచ్చేదాకా ఎవరూ ఆపరు. మంచులో మొహాలు కనపడటంలేదు, చప్పట్లు మాత్రం ఆమె వెంటే నడుస్తున్నాయి. తననే ఎవరో భుజాలమీద మోస్తున్నట్టు ఐలెన్‌కి హాయిగా ఉంది. నెల తర్వాత ఇవాళే ప్రాణం తేలికపడింది.

"భయమేస్తోందా బంగారం?"

"ఊహూ. నేనేం తప్పిపోలేదు. కావాలనే వచ్చేశా. అమ్మ వస్తుందో రాదో చూద్దామని."

ఐలెన్ నడక ఆగిపోయింది.

ఇంతలో తల్లి రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది. చప్పట్లు ఆగాయి. "పొద్దుట్నుంచి ఇది మూడోసారమ్మా. నా ప్రాణం తోడేస్తోంది," అంటూ పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది.

తల్లి భుజం మీంచి మోరెనా గర్వంగా నవ్వింది. "చూశావా, వచ్చేసింది. మళ్ళీ పోతా."

"ఇంకోసారి వద్దు తల్లీ," అంది ఐలెన్, పిల్ల చెవి దగ్గరికి వంగి.

"ఏం?"

"నేను నాలుగుసార్లు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాను. లియాండ్రో మూడుసార్లే వచ్చాడు."